అమ్మబండి మూగబోయిన పూట

బండి ఆగిపోయిందంటే కారణాలు మూడేనంటాడు కర్ని దండాసి. తిండి అందకపోవాలి, గాలి ఆడకపోవాలి, లేదా నిప్పు పుట్టకపోవాలి. నాలుగోదేదో ఉందని ఎవరైనా అంటే ఆ మనిషి విడిభాగాలు అమ్ముకునేవాడైనా అయి ఉంటాడు, సోది చెప్పేవాడైనా అయి ఉంటాడు. కంచిలి జంక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు లారీల కింద వెల్లకిలా పడుకుని, కళ్లలో తుప్పు రాల్చుకుంటూ సంపాదించుకున్న చదువది. దాని మీద ఆయనకెంత నమ్మకమంటే, పక్కింటి ఆవు చూలు కట్టకపోయినా ఈ మూడింట్లో ఏది తక్కువైందో చూసుకోమని సలహా ఇచ్చేవాడు.

తుపాను వెళ్లిపోయిన నాలుగో రోజు ఉదయం, సిరిపుట్టుగ నడివీధిలో అమ్మబండి ఆగిపోయినప్పుడు కూడా ఆయన ఆ మూడు వేళ్లే మడవడం మొదలుపెట్టాడు.

అమ్మబండికి కాగితాల మీద పొడుగాటి పేరేదో ఉంది. ఉద్దానంలో ఆ పేరు ఎవరికీ తెలియదు. కిడ్నీలు పాడైనవాళ్లు పట్నానికి పడుతూ లేస్తూ వెళ్లే బాధ లేకుండా, రెండు డయాలసిస్ కుర్చీలు వేసుకుని ఊరూరా తిరిగే తెల్లబండి అది. దాని కడుపులో ఇంజను లేదు, పదహారు అరల గాజుతొట్టి ఉంది. అందులో జీడిమామిడి పండ్ల రసం, ఆ రసం తాగి కరెంటు పుట్టించే కంటికి కనపడని జీవులు. ఈ ప్రాంతంలో జీడిపిక్క తీసుకుని పండును తోటలోనే పారేస్తారు. ఆ పారేసిన పండే బండికి తిండి. పొగ లేదు, చప్పుడు లేదు. తొట్టికున్న చిన్న కిటికీలోంచి చూస్తే లోపల ఆకుపచ్చని వెలుగు నెమ్మదిగా కదులుతూ కనిపించేది. ఊళ్లోవాళ్లు వాటిని మెరుపుపురుగులనేవారు.

అవే తొట్లు లారీలకూ వచ్చాక దండాసి దుకాణం మూతపడింది. అదే తొట్టి ఆయన భార్య తవిటమ్మను నాలుగేళ్లుగా బతికిస్తోంది. వారానికి రెండుసార్లు ఆ బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా దాన్ని తిట్టడానికి ఆయనకు నోరొచ్చేది కాదు, పొగడటానికి మనసొప్పేది కాదు.

తుపాను వల్ల తవిటమ్మకు ఒక విడత డయాలసిస్ తప్పిపోయింది. కాళ్లు దుంగల్లా వాచాయి. పడుకుంటే ఊపిరి అందక రెండు రోజులుగా అరుగు మీద గోడకు జారబడి కూర్చునే ఉంది. ఈ పూట గడిస్తే గాని రేపటి సంగతి చెప్పలేనని బండితో వచ్చిన నర్సు స్టెల్లమ్మ దండాసిని పక్కకు పిలిచి చెప్పేసింది. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. ఫోన్లు పనిచేయడం లేదు. చెట్లు కొట్టేవాళ్ల వెనకాలే బండి ఊళ్లోకి దాటొచ్చిన కల్వర్టు, అది దాటిన పావుగంటకే కుంగిపోయింది. ఊళ్లో డయాలసిస్ కావలసినవాళ్లు ఏడుగురు. అలాంటప్పుడు బండి ఆగడం మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే అయింది.

ఆ జీవుల్ని ఎనిమిదేళ్లు పెంచి ఈ పనికి అలవాటు చేసిన ఇందుమతి ఆ రోజు బండిలోనే ఉంది. విశాఖలో ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ముప్పై అయిదేళ్లుంటాయి. తుపాను దెబ్బకు తన తొట్టి ఎలా ఉందోనన్న బెంగతో డ్రైవరు లోకనాథం పక్కన ఎక్కి వచ్చింది. గంటసేపు తనకు తెలిసినవన్నీ చేసి చూసింది. చివరికి లోకనాథమే వెళ్లి దండాసిని పిలుచుకొచ్చాడు. పురుగుల వైద్యం తనకు రాదని దండాసి ముందే చెప్పాడు. చెబుతూనే లుంగీ ఎగ్గట్టాడు.

"మేడమ్‌గోరూ, ఆగేముందు ఏటి సేసిందో అది సెప్పండి. దగ్గిందా, ఒనికిందా?"

ఏమీ చేయలేదని ఇందుమతి చెప్పింది. ఊరి మొదట్లో ఆడవాళ్లు పసుపునీళ్లతో ఎదురొచ్చారు. సంబరంలో అమ్మవారి ఘటం వచ్చినప్పుడు ఎలా చేస్తారో అలాగే వేపమండలు పట్టుకుని చక్రాలకు నీళ్లు పోశారు. బండి అక్కణ్ణించి కదిలి బడి వైపు వస్తుండగా పదహారు అరల్లోనూ వెలుగు ఆరిపోయింది. కుదుపు కూడా లేదు. డీజిల్ బండి అయితే చచ్చేముందు నాలుగుసార్లు దగ్గి చచ్చేది. ఇదేమో మాట మధ్యలో మనిషి లేచి వెళ్లిపోయినట్టు ఆగింది.

దండాసి అర మూత తీసి రసంలో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు. తియ్యగానే ఉంది. తిండికి లోటు లేదు. బండి వెనక, చిన్న బ్యాటరీతో తిరిగే ఫ్యాను లోపలికి గాలి తీసుకునే జాలీ దగ్గర వేపాకు పట్టుకుంటే ఆకు జాలీకి అతుక్కుంది. గాలికీ లోటు లేదు. కరెంటు మోసే లోపలి నల్లపలకలకు తీగలు తగిలించి, అదే బ్యాటరీ కరెంటు పంపి చిన్నబల్బుతో పరీక్షిస్తే బల్బు వెలిగింది. దారి ఎక్కడా తెగలేదు. మూడు వేళ్లూ మడవడం అయిపోయింది. బండి మాత్రం అలాగే ఉంది. దండాసి దగ్గర నాలుగో వేలు లేదు.

అప్పుడు ఇందుమతి ఆయన్ను సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టింది. ఒక చుక్క రసం గాజుపలక మీద వేసి చూడమంది. ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి చూసిన దండాసి చాలాసేపు కదల్లేదు. తిట్టలేక, పొగడలేక గడిపిన నాలుగేళ్లలో ఆయన వాటిని ఒక్కసారీ చూడలేదు. ఒక్క చుక్కలో కంచిలి సంత పట్టేసింది. వేలకు వేలు గింజలు, ప్రతి గింజకూ వెంట్రుకలాంటి తోక, ప్రతిదీ తన దారిన తాను తిరుగుతోంది. ఒకటి ఇంకొకటికి తగిలినా పట్టించుకోకుండా పోతోంది.

"ఇయన్నీ బతికే ఉన్నాయి గదమ్మా."

"బతికే ఉన్నాయి దండాసిగారూ. ఆకలితో కూడా ఉన్నాయి. పని మాత్రం చేయట్లేదు. అదే నాకు అర్థం కావట్లేదు."

అంటూనే ఆమె కూలబడినట్టు బండి మెట్టు మీద కూర్చుంది. ఎవరూ అడక్కుండానే మొదటి ఏడాది సంగతి చెప్పుకొచ్చింది. అప్పట్లో ఆమె దగ్గర ఒకే ఒక్క గాజుకుప్పె ఉండేది. అందులో కొన్ని జీవుల్ని వేస్తే వెలుగూ లేదు, కరెంటూ లేదు. పనికిరానివని పారబోయమన్నారు పెద్దలు. పారబోయడానికి మనసు రాక ఆమె కుప్పెను బల్ల కింద దాచింది. పదకొండో రోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా బల్ల కింద వెలుగు కనిపించింది. లోపల జీవులు పెరిగి కిక్కిరిసిపోయాయి. ఆమెకు తర్వాత తెలిసిందేమిటంటే, ప్రతి జీవీ నీళ్లలోకి సన్నటి పిలుపులాంటిదొకటి వదులుతుంది. పక్కదాని పిలుపు అందుకుంటుంది. పిలుపులు చిక్కబడినప్పుడు తాము ఒంటరిగా లేమని వాటికి తెలుస్తుంది. తెలిసిన ఆ క్షణంలో కోటానుకోట్లు ఒక్కసారిగా వెలిగి పనిలోకి దిగుతాయి. ఒంటరి జీవి ఎంత కడుపు నిండినా పని చేయదు.

"మెతుకు నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి చూశాను," అంది ఇందుమతి. "దేవుణ్ణి చూడమంటే అంతకంటే ఎక్కువ చూడలేనేమో."

దండాసికి ఆ మాటల్లో సగమే అర్థమైంది. ఆ సగానికే ఒళ్లు జలదరించింది. అయినా మెకానిక్కు బుద్ధి ఎక్కడికి పోతుంది? బండి ఎందుకు ఆగిందో బండి చెప్పనప్పుడు దాన్ని చివరగా ముట్టుకున్న మనుషులెవరో చూడమంటుంది. ఆయన మళ్లీ వెనక్కి వెళ్లి గాలి తీసుకునే జాలీని ఊడదీశాడు. దాని లోపలి అంచు పచ్చగా ఉంది. గోటితో గీరి వాసన చూశాడు. పసుపు.

పసుపంటిన ఆ వేలిని చూడగానే ఇందుమతికి సంగతి తెలిసిపోయింది. జాలీ గొట్టం తిన్నగా పదహారు అరల్లోకీ పోతుంది. ప్రయోగశాలలో ఎప్పుడో ఒకసారి పసుపును పరీక్షించారు. అది ఈ జీవుల్ని చంపదు. వాటి మధ్య పిలుపును మాత్రం అందనివ్వదు. ఇప్పుడు తొట్టిలో కోటానుకోట్లున్నాయి, ప్రతిదీ తానొక్కతే ఉన్నాననుకుంటోంది.

జాలీ దగ్గర నీళ్లు పోసిందెవరని దండాసి వీధిలో చేరిన ఆడవాళ్లను అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. అక్కడ నీళ్లు పోయరాదని ఎర్రరంగుతో రాసి కూడా ఉంది. చక్రాలకు పోసినప్పుడు చింది ఉంటుందని లోకనాథం అన్నాడు. అదే నిజమనుకున్నారందరూ. చిందిన పసుపంటే అరచెంబు నీళ్లకు మించదని ఇందుమతి లెక్కగట్టింది. అయితే కోటి జీవుల మధ్యనుంచి పసుపును ఏరడమెలా? ఆమెకున్న మార్గాలన్నీ విశాఖలో ఉన్నాయి.

అరుగు మీంచి తవిటమ్మ ఆయాసపడుతూ అంది, "పసుపు నీల్లల్లో కరగదమ్మా. నూనిలోకి దిగిపోతాది. పోపులో సూడలేదా?"

ఇందుమతి చటుక్కున ఆమె వైపు తిరిగింది. పదేళ్ల చదువు వంటింటి ముందు చేతులు కట్టుకున్న క్షణమది. రసంలో కొబ్బరినూనె కలిపి తిప్పితే పసుపు నూనెలోకి పోతుంది. నూనె పైకి తేలుతుంది. కిందనుంచి రసం దించుకోవచ్చు. ఆ మాట పూర్తికాకముందే ఆడవాళ్లు నూనె సీసాల కోసం ఇళ్లకు పరిగెత్తారు. ఆ పరుగులోని చురుకు చూసి దండాసికి అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

అరచెంబు లెక్కన రెండు సీసాల నూనె సరిపోతుందంది ఇందుమతి. ఊరి పెళ్లిళ్ల గుండిగలు తెచ్చి, తొట్టిలో రసమంతా వాటిలోకి దించి, నూనె పోసి, మీగడ తిప్పినంత మెల్లగా తిప్పారు. అరగంట కదపకుండా ఉంచారు. నూనె పైకి తేలింది. అడుగునుంచి రసం పట్టి తొట్టికెక్కించారు. మీద దుప్పటి కప్పి, దాని కింద తల దూర్చి కిటికీలోకి చూశారు. చీకటి. పావుగంట చూశారు, మళ్లీ పావుగంట చూశారు. చీకటిలో వాళ్ల ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

దుప్పట్లోంచి బయటికొచ్చేసరికి ఇందుమతి కళ్లు తడిగా ఉన్నాయి. ఇక ఒకటే దారి ఉందని ఆమె నేల చూస్తూ చెప్పింది. బండిలోని ఆ చిన్న బ్యాటరీ ఇంకా బతికుంది. దాని కరెంటును తొట్టిలోకి ఎదురు పంపితే జీవులన్నీ పగిలి, లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా వదిలేస్తాయి. మూడు గంటలు కుర్చీ నడుస్తుంది. ఒక్క మనిషికి అది చాలు. ఆ తర్వాత తొట్టిలో మిగిలేది పులిసిన నీళ్లే. కల్వర్టు బాగయ్యేదాకా ఇంకెవరికీ ఏమీ ఉండదు. బ్యాటరీ దిగిపోతోంది కాబట్టి, చేస్తే గంటలోపు చేయాలి.

ఆ ఒక్క మనిషి ఎవరని అడిగితే స్టెల్లమ్మ తవిటమ్మ వైపు చూసింది. మిగిలిన ఆరుగురిలో ముగ్గురు నాలుగురోజులు ఓర్చుకోగలరు. ముగ్గురి సంగతి తనకు తెలియదంది.

దండాసికి సరే అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దేవుడు కాదు, నలభై ఏళ్ల కాపురం ఉన్న మనిషి. పొద్దున లేవగానే ఆమె ఎడమచేతి మీద, డయాలసిస్ కోసం డాక్టర్లు రక్తనాళాలు కలిపిన చోట, అరచెయ్యి పెట్టి చూడటం ఆయనకు అలవాటు. బాగున్న లారీ ఇంజను మీద చెయ్యి పెట్టినట్టే అక్కడ సన్నగా అదురుతుంది. ఈ పొద్దున ఆ అదురు వెతుక్కోవలసి వచ్చింది. ఎదురింటి చావిట్లో, ఆ ముగ్గురిలో ఒకడు, గున్నమ్మ మొగుడు సింహాద్రి, భార్య భుజం మీద తల వాల్చి ఎగశ్వాస తీస్తున్నాడు. దండాసి అటు చూడకూడదనుకుంటూనే చూశాడు. చూశాక సరే అనలేకపోయాడు.

చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గుండిగల మీద పెట్టాడు. పైన తేలిన నూనె ఆవకాయ ఊటలా ఎర్రబడి ఉంది. ఆయన దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. రెండు సీసాల నూనె ఇంత ఎర్రబడాలంటే అరచెంబు చిలకరింపు చాలదు. మందు పని చేయలేదంటే రెండే అర్థాలు. మందు తప్పైనా అయి ఉండాలి, చాలకైనా పోయి ఉండాలి. ఈ మందు తప్పు కాదని ఆ రంగే చెబుతోంది.

ఆయన ఆడవాళ్ల ముందుకు వెళ్లి నిలబడ్డాడు. తిట్టడానికి అడగడం లేదని చెప్పాడు. ఎవరు పోశారన్నది తనకక్కర్లేదని, ఎంత పోశారో తెలిస్తే ఎంత నూనె కావాలో తెలుస్తుందని చెప్పాడు. ఏడుగురి ప్రాణాలు ఆ లెక్క మీద ఉన్నాయన్నాడు. కొంగులు సర్దుకున్నారు, కాళ్ల బొటనవేళ్లు చూసుకున్నారు.  దండాసికి ఒళ్లు మండింది.

"నానే పోసేను, మావా."

వెనకనుంచి వచ్చిందా గొంతు. తవిటమ్మ అరుగు దిగి, గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"చెంబు నిండా పోసేను. గుప్పెడు పసుపేసి పోసేను. ఎనకాల ఊపిరి పీల్సుకుంటాది, అదే దాని మొగం అనుకున్నాను. మొక్కుకుని పోసేను. మొక్కు బయటికి సెప్తే పోతాది గదా, అందుకని ఊరుకున్నాను."

 నాలుగడుగులు వేయలేని మనిషి, ఈ గోడా ఆ గోడా పట్టుకుని ఊరి మొదటిదాకా వెళ్లి, అందరి కళ్లూ కప్పి ఆ పని చేసింది. చెప్పకూడని మొక్కు పదిమందిలో చెప్పేసుకుంది. చెప్పాక దాచుకోవడానికేం మిగిలింది గనక? మిగిలిందీ ఆమే చెప్పేసింది.

"నీకన్నా ఒక్కరోజు ఎక్కువ బతకాలని మొక్కేను. అందరూ పుణ్యస్త్రీలుగా పోవాలనుకుంటారు. నాకది ఒద్దు. నీకు అన్నం ఒండుకోడం రాదు."

 గున్నమ్మ తన మొగుడి తలను మెల్లగా స్తంభానికి ఆనించి లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నానూ పోసేను, తవిటప్పా. ఈయన కోసం. నువ్వు పోసినట్టు నాకు తెలీదు."

ఆ తర్వాత ఆ మూలనుంచి ఒకామె, ఈ మూలనుంచి ఒకామె. కొడుకు కోసం ఒకరు, తండ్రి కోసం ఒకరు. ఇంట్లో ఇంకా జబ్బు రాకపోయినా రాకూడదని మొక్కినవాళ్లు ముగ్గురు. పదకొండుమంది తేలారు. చక్రాలకు అందరితో కలిసి పోశాక, ఎవరూ చూడనప్పుడు ఎవరికి వారే వెనక్కి వెళ్లి, గుట్టుగా ఆ జాలీలో తలో చెంబూ కుమ్మరించారు. పొద్దుటినుంచీ పదకొండుమందీ ఒకే వీధిలో భుజం భుజం రాసుకుంటూ నిలబడి, అమ్మబండిని చంపింది తానొక్కతేనని ఎవరికి వారు కుమిలిపోతున్నారు.

ఇందుమతి వాళ్ల వైపు చూసింది, చీకటి తొట్టి వైపు చూసింది. మళ్లీ వాళ్ల వైపు చూసింది. ఎనిమిదేళ్లు గాజు వెనక చూసినదాన్ని ఎండలో, చీరలు కట్టుకుని ఎదురుగా నిలబడగా చూడటం ఆమెకు అదే మొదలు.  కాగితం తీసుకుని లెక్క వేసింది. పదకొండు చెంబులు, పదకొండు గుప్పెళ్లు. నూనె రెండు సీసాలు కాదు, రెండు డబ్బాలు కావాలి. అదీ మూడు దఫాలుగా కడగాలి.

ఇక చూడాలి ఆ వీధిని. తలకు రాసుకునే నూనె వచ్చింది, దీపాల నూనె వచ్చింది, ఏడాదికని దాచుకున్న గానుగనూనె డబ్బాలతో సహా వచ్చింది. గుండిగల చుట్టూ ఆడవాళ్లే కూర్చున్నారు. తిప్పడం వాళ్లకు ఒకరు నేర్పాలా? మొదటి దఫా నూనె ఎర్రగా, రెండో దఫా పచ్చగా, మూడో దఫా దాదాపు తెల్లగా తేలింది. బ్యాటరీ ఈలోపు చప్పబడిపోయింది. ఆ ఒక్క మనిషిని బతికించే దారి మూసుకుపోయిందని దండాసికి తెలుసు. తెలిసీ ఆయన గుండిగ అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. గుండె మాత్రం నిమిషానికోసారి అరుగు మీదికి పోయి వస్తోంది.

రసం తొట్టికెక్కించబోతుంటే ఆయన అడ్డం పడ్డాడు. ఇంత పెద్ద తొట్టిలో పదహారు అరలకూ పలచగా పంచితే ఒకదాని పిలుపు ఇంకొకదానికి ఎప్పటికి అందుతుందన్నాడు. అందర్నీ ఒకే పాకలోకి తోస్తే గాని మాట కలవదన్నాడు. ఇందుమతి ఒక్క క్షణం ఆయన్ను చూసి, పేరుకున్న చిక్కటి అడుగుసరుకునంతా ఒకే ఒక్క అరలోకి ఒంపింది. మళ్లీ దుప్పటి కప్పారు. ఇద్దరూ తలలు దూర్చారు.

చీకటి. కళ్లు అలవాటుపడ్డాక కూడా చీకటే. దండాసి లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ నాలుగువందలు దాటాడు. అప్పుడు అర అడుగున, ఒక మూల, ఆవగింజంత ఆకుపచ్చ చుక్క పుట్టింది. తన కళ్లే మోసం చేస్తున్నాయనుకున్నాడు. దాని పక్కన ఇంకోటి పుట్టింది. రెండూ ఆరిపోయాయి. ఇందుమతి ఆయన ముంజేయి గట్టిగా పట్టుకుంది. మూడో చుక్క వెలిగి, ఆరకుండా నిలిచింది. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి దండాసికి ఈరోజుకీ మాటలు దొరకవు. అడుగునుంచి అంచులదాకా, ఎవరో పిలిస్తే కోటిమంది ఒక్కసారి పలికినట్టు, అర మొత్తం వెలుగుతో నిండిపోయింది. వెలుగు కుదురుగా లేదు. అలలు అలలుగా ఇటునుంచి అటు వెళ్లి, అక్కణ్ణించి తిరిగొస్తోంది. దుప్పటి కింద వాళ్లిద్దరి ముఖాలూ ఆకుపచ్చగా తడిసిపోయాయి. ఆయన ఏడుస్తున్నాడు, సిగ్గుపడలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏమంటోందో వినిపించలేదు.

తీగలకు తగిలించిన చిన్నబల్బు ఈసారి తొట్టి కరెంటుతోనే వెలిగింది. దండాసి దుప్పటి అంచు ఎత్తి, వచ్చి చూడమని ఆడవాళ్లను పిలిచాడు. ఒక్కొక్కరే వంగి తల దూర్చి చూశారు. చూసి బయటికొచ్చినవాళ్లెవరూ దండం పెట్టలేదు, అరవలేదు. పక్కనున్నామె చెయ్యి పట్టుకుని అలా నిలబడ్డారు.

ఒక అర కరెంటుతో ఒక కుర్చీయే నడుస్తుంది. అందులోంచి రెండో అరకు తోడు వేసి, అది మేల్కొనేసరికి మూడు నాలుగు గంటలు పడుతుందని ఇందుమతి చెప్పింది. రెండో కుర్చీ అప్పుడే. తెల్లారేలోపు ఏడుగురికీ అవుతుందంది. స్టెల్లమ్మ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది, సింహాద్రి వైపూ, తవిటమ్మ వైపూ. తాను చివర ఎక్కుతానని తవిటమ్మ అంటోంది. చేసిన తప్పుకు అదే న్యాయమంటోంది. అనడానికి కూడా ఊపిరి చాలడం లేదు.

సింహాద్రి కళ్లు తెరిచి భార్యకు చేత్తో తవిటమ్మ వైపు సైగ చేశాడు. గున్నమ్మ ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తవిటమ్మ వైపు తిరిగింది. గొంతు గట్టిగానే ఉంది.

"ముందు నోరిప్పింది నువ్వు. నువ్విప్పకపోతే నానిప్పేదాన్ని కాదు, ఈల్లెవరూ ఇప్పేవోరు కాదు. నువ్వే ముందెక్కు, అప్పా. ఈయన్ని నాను సూసుకుంటాను. బేగి ఎక్కు."

తవిటమ్మను దండాసీ లోకనాథమూ కలిసి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. స్టెల్లమ్మ సూదులు గుచ్చింది. గొట్టంలో రక్తం ఎర్రగా కదిలింది. యంత్రం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. గంట గడిచేసరికి ఆమె భుజాలు ఎగదన్నడం తగ్గింది. రెండో గంటకు కళ్లు తెరిచి, మొగుడు ఇంకా అక్కడే ఉన్నాడా అని వెతుక్కుంది.

ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ఆమె మొక్కు పోయిందన్న సంగతి ఆయన్ను పొద్దుటినుంచీ తొలిచేస్తోంది. తన కోసం మొక్కి, తన ఎదుటే పోగొట్టుకుంది. దాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు. ఇంక ఆమెకు ఆ మొక్కుతో పని లేకుండా చేయడం ఒక్కటే తన చేతిలో ఉందనిపించింది. చాలాసేపు తటపటాయించి, ముందుకు వంగి అడిగాడు.

"ఏటే తవిటీ, డబ్బాడు బియ్యానికి నీల్లెన్ని పొయ్యాల?"

తవిటమ్మ ఆయన ముఖం వైపు చూసింది. నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, సూది లేని చేతిని మెల్లగా ఎత్తి రెండు వేళ్లు చూపించింది.

"రెండు డబ్బాలు. ముందు బియ్యం కడగాల. కడగడం ఎలగో సెప్తాను, ఇను."